ఎడమకాలి పంతులు

కుడికాలి వాటం ఉన్నవాడు ఆ కాలితో బంతి తన్నకూడదు. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. ఇలాంటి ఫుట్‌బాల్ టోర్నమెంట్లు పెట్టిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. బంతిని వదలని కుర్రాడు తలెత్తి పక్కవాణ్ని వెతుక్కోక తప్పేది కాదు. మొద్దుబారిన ఎడమకాలికి పని నేర్పక తప్పేది కాదు. నియమం ఒక్కటి మార్చి ఆటగాడినే మార్చేసిన ఈ పద్ధతి ఆయన కప్పులన్నిటికంటే గొప్పదని నా నమ్మకం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, బడుల్లో పాఠాలు చెప్పారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

అప్పట్లో బంతాట నేరుగా అన్నం పెట్టేది కాదు, నౌకరీ ఇప్పించేది. ఆటగాళ్లకు పోలీసు శాఖో, రైల్వేనో జీతమిచ్చేది. బొగ్గుబాయి పని చేసి మైదానానికొచ్చే గోదావరిఖనిలో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. సింగరేణిలో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీలకు దిగే కార్మికులదీ ఆ దారే.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం శిక్షణకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దెకు రహీం తన జేబులోంచే ఇచ్చారు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. రెండుచోట్లా కోచ్ రహీమే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి గోల్ కొట్టే పని అప్పగించారు. సెమీస్‌లోనూ, ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

2024లో ఆయన కథతో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో చాలామందికి ఈ పేరే తెలియదు. మన గడ్డ మీద పుట్టిన మనిషిని బొంబాయివాళ్లు చూపిస్తే చూశామన్నది నాకు బాధగా ఉంది. రామగుండం, గోదావరిఖని వేసవి శిబిరాల్లో పదహారేళ్లలోపు పిల్లలకు ఒక్క 'బలహీన పాదం' టోర్నమెంట్ పెట్టండి. ఒక బంతి, నాలుగు కర్రలు, మొహమాటం లేని రిఫరీ ఉంటే చాలు.