తోటకే జనం వస్తే...

ఫిబ్రవరిలో నాసిక్ చుట్టుపక్కల తోటల్లో కోత తెల్లవారుజామునే మొదలవుతుంది. వైన్ ద్రాక్షను ఎండ ముదరకముందే కోసి వైనరీకి చేర్చాలి. వేడెక్కిన పండు దారిలోనే పులవడం మొదలెడితే వైన్ రుచి చెడుతుంది. టూరిస్టులు కార్లు దిగే వేళకు ఆ రోజు పని చాలావరకు అయిపోయి ఉంటుంది. అందుకే మేము టిఫిన్ కూడా తినకుండా గంగాపూర్ వైపు బయల్దేరాం.

ఈ ప్రయాణం నా మిత్రుడి పట్టుదల. వాళ్ల నాన్నగారికి ఒకప్పుడు మేడ్చల్ దగ్గర ద్రాక్ష తోట ఉండేది. హైదరాబాద్ శివార్లంటే ద్రాక్షే అనుకునే రోజులవి. అనాబ్-ఎ-షాహి రకానికి దేశమంతా పేరు తెచ్చింది మన నేలే. ఆ పందిళ్ల కింద ఆడుకుంటూ పెరిగాడు వాడు. తర్వాత భూమి ధర ద్రాక్ష ధరను దాటిపోయింది. బోర్లు ఎండాయి, కూలి పెరిగింది, తోటలు ప్లాట్లయ్యాయి. వాళ్ల తోటా అంతే. అలాంటి వాడు నాసిక్‌కి తాగడానికి రాలేదు, చూడడానికొచ్చాడు. వాడి పక్కన నడవడం వల్లే నాకూ చూడడం తెలిసింది.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్ రోడ్‌లో దిగొచ్చు. రెండు రోజులకూ డ్రైవర్‌తో కారు మాట్లాడుకున్నాం. వైనరీలకు వెళ్లేవాళ్లెవరూ తామే స్టీరింగ్ పట్టుకోకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

మన గోదారి పుట్టేది ఇక్కడే, త్రయంబకేశ్వర్ పక్కన బ్రహ్మగిరి మీద. ఆ నీటికి నాసిక్ ఎగువన గంగాపూర్ డ్యామ్ అడ్డుకట్ట వేస్తుంది. ఆ జలాశయానికి దగ్గర్లోనే సులా వైన్‌యార్డ్స్. అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలేసి వచ్చిన రాజీవ్ సామంత్ కుటుంబ భూమిలో మొదలెట్టి, తల్లి సులభ పేరు మీద ఈ పేరు పెట్టారు. తొలి వైన్ 2000లో మార్కెట్‌కి వచ్చింది. ఆ తర్వాత, 2005లో, ఆయన చేసిన పనే నాసిక్‌ని మార్చిందని నేననుకుంటాను. తోట పక్కనే టేస్టింగ్ రూమ్ తెరిచి, సీసాను ఊళ్లోకి పంపడంతో సరిపెట్టక జనాన్ని తోటకు రప్పించారు.

తోటలోకి అడుగుపెట్టగానే మా వాడు వంగి తీగ మొదలు తడిమాడు. "పందిరి లేదు చూశావురా. వైర్లకు నిలువుగా కట్టారు" అన్నాడు. తినే ద్రాక్షకు గుత్తి బరువు, పండు సైజు ముఖ్యం. వైన్‌కి అవేవీ అక్కర్లేదు, దిగుబడి అదుపులో ఉంటేనే పండులో సారం నిలుస్తుంది. అడిగి ఎర్ర వైన్ రకమైన షిరాజ్ పండు ఒకటి నోట్లో వేసుకున్నాం. గోలీ కన్నా చిన్నది. ముందు ఒళ్లు ఝల్లుమనేంత తీపి, ఆ తర్వాత మందపాటి తొక్క, గింజ కొరికితే నాలుక పట్టేసే వగరు. రెడ్ వైన్‌లో మనకు తగిలే వగరు చాలావరకు ఈ తొక్కా గింజలదే. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్కను పక్కన పెట్టేస్తారు. ఎర్రదానికి తొక్కతో సహా పులియబెడతారు.

వైనరీ లోపల ఒక ట్యాంకు మూత తీసి చూపించారు. పైన ఊదారంగు తొక్కలు అట్టకట్టి తేలుతున్నాయి. కింది రసాన్ని పైపుతో తోడి ఆ అట్ట మీద మళ్లీ మళ్లీ పోస్తారు, లేకపోతే రంగు దిగదు. వంగి వాసన చూడబోతే ఘాటుగా గ్యాస్ ముక్కులోకి కొట్టింది. చక్కెర ఆల్కహాల్‌గా మారేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. ఒక్క సీసాకు కిలోకు పైగా పండు కావాలి.

టేస్టింగ్‌లో గ్లాసుకు రెండు మూడు గుక్కలే పోస్తారు. వద్దనుకుంటే ఉమ్మేయడానికి పక్కనే గిన్నె ఉంటుంది. తెల్ల వైన్ సావిన్యాన్ బ్లాంక్‌లో క్యాప్సికమ్, పచ్చగడ్డి వాసన. షిరాజ్‌లో మిరియం. మరో తెల్ల వైన్ శెనిన్ బ్లాంక్ మన కారాలకు బాగా నప్పుతుందని నాకనిపించింది. సాయంత్రం పక్కనే ఉన్న యార్క్‌కి వెళ్లాం. ఒక కుటుంబం నడిపిన చిన్న వైనరీ, 2021లో సులా కొనేసింది. అక్కడి మేడ మీంచి గంగాపూర్ నీళ్లు బాగా కనిపిస్తాయి.

మర్నాడు దిండోరి వైపు వెళ్లాం. నా మట్టుకు ఈ ప్రయాణంలో అసలైన రోజు అదే. మోయెట్ హెనెస్సీ వాళ్ల షాండన్ స్పార్క్లింగ్ వైన్ తయారయ్యేది ఆ ప్రాంతంలోనే. మేం మాత్రం ఎక్కువసేపు గడిపింది ఒక రైతు పొలంలో. వైనరీకి ఒప్పందం మీద పండు ఇస్తాడాయన. అలాంటి ఒప్పందాల సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్‌కి ఎక్సైజ్ రాయితీలిచ్చింది. వించూర్‌లో వైన్ పార్క్ పెట్టింది. వైనరీలు పుట్టగొడుగుల్లా లేచాయి, రైతులు వైన్ రకాలు నాటారు. 2008 తర్వాత అమ్మకాలు పడిపోయి చాలా వైనరీలు కొనుగోళ్లు ఆపేశాయి. చిన్న పండు, నిండా గింజలు, బజార్లో ఎవరు కొంటారు? ఎందరో తీగలు పెరికేశారు. "ఈ రైతు మాత్రం ఎందుకు పీకలేదో కనుక్కో" అన్నాడు మా వాడు. నేను హిందీలో అడిగితే రైతు చెప్పింది సూటి జవాబు. ఆయన పండు తీసుకునే వైనరీకి మనుషులు వచ్చి చూసి కొనేవాళ్లు, దుకాణాల్లో అమ్మకం తగ్గినా అక్కడ ఆగలేదు, అందుకే ఒప్పందం నిలబడింది.

ఆ మాట విన్నాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. మేడ్చల్ తోటలకు సిటీ అంత దగ్గరుండీ, జనాన్ని తోటకు పిలిచే ఏర్పాటు లేకపోయింది. ఉంటే అన్నీ నిలిచేవని అనను. భూమి ధర ముందు అది చిన్న బలమే. కానీ కొన్నయినా మిగిలేవని నా నమ్మకం. శివార్లలో ఇంకా ఉన్న మామిడి, జామ తోటల గురించైనా మనం ఇప్పుడే ఆలోచించాలి.

వాడు అక్కడి నుంచే నాన్నగారికి వీడియో కాల్ చేశాడు. ఎలా ఉన్నారు, తిన్నారా అనే మాటలేవీ లేవు. "ఆ మొదలు దగ్గరగా చూపించు. అంటుకట్టిందేనా? డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీదా?" అన్నారాయన. ఫోన్ రైతు చేతికిచ్చాం. ఇద్దరూ ఒకరి హిందీ ఒకరు సర్దుకుంటూ, కొమ్మకు ఎన్ని గుత్తులు వదలాలి, బూడిద తెగులుకు గంధకం ఎప్పుడు చల్లాలి అని చాలాసేపు మాట్లాడుకున్నారు. చివర్లో ఆ రైతు, కోత ఎవరైనా చూస్తారు, చూడాల్సింది సెప్టెంబర్ కత్తిరింపు, అప్పుడు రండి అని పెద్దాయన్ని పిలిచాడు. ఆయన సరేనన్నారు. కింది బెర్త్ దొరుకుతుందో లేదో చూడమని కొడుక్కి అప్పుడే చెప్పారు.