మా వీధి చివర రెస్టారెంట్... నీళ్లు ఎన్నడుగులకు పడినాయి?

మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే ఎదురుగా ఓ ఖాళీ స్థలం ఉండేది. ఈ ఏడాది సంక్రాంతి పోయిన వారానికి జేసీబీ వచ్చి తుమ్మచెట్లన్నీ పీకేసింది. ఆ రోజు నుంచి మా కాలనీకి వేరే టీవీ అక్కర్లేకపోయింది.

అనంతపురంలో రుద్రంపేట బైపాస్ నుంచి కాస్త లోపలికొస్తే మా కాలనీ. నలభై నాలుగో నంబరు హైవే మీద పోయే బెంగళూరు బస్సుల హారన్లు రాత్రిపూట మంచం దాకా వినిపిస్తాయి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. 2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ బ్యాగుతో బెంగళూరు నుంచి వచ్చినోణ్ని, ఇప్పటికీ నెలకు మూడు వారాలు ఇక్కడి నుంచే పని. మేడ మీద గదిలో నా టేబుల్. స్టాండప్ కాల్‌లో మ్యూట్ పెట్టి కిటికీలోంచి చూస్తుంటే ఎదురుగా ఇంకో టీమ్ స్టాండప్ జరుగుతుంటుంది: మేస్త్రీ, నలుగురు కూలీలు, ఓ ఇటుకల ట్రాక్టరు. వాళ్ల పని రోజురోజుకీ కంటికి కనిపిస్తుంది. నాదే కనిపించదు.

మొదట అక్కడేం వస్తుందో ఎవరికీ తెలీదు. పెట్రోల్ బంకన్నారు. ఫంక్షన్ హాలన్నారు. 'కొరియా వాళ్ల హోటలంట' అని కాలనీ గ్రూపులో ఒకాయన మెసేజ్ పెట్టాడు. నవ్వకండి, అందులో కొంచెం లాజిక్ ఉంది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరి, 2019లో మొదటి సెల్టోస్ బయటికొచ్చే సరికి ఆ దారిలో కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. జొన్నరొట్టె దొరికే రోడ్డు మీద కిమ్చీ దొరకడం మొదలైంది. అందుకే మా వాళ్లకిప్పుడు ఏదీ అసాధ్యం అనిపించదు. చివరికి ఫ్లెక్సీ కట్టారు. మంటల మధ్యలో కోడికాలు, కింద 'త్వరలో'. మండి బిర్యానీ, తందూరి, పొద్దున టిఫిన్లు.

నా ఫ్రెండ్స్ అడిగినవి: ఏసీ ఉంటుందా, మండి రేటెంత, స్విగ్గీలో పెడతారా. మా అమ్మ అడిగింది ఒకటే. "బోరు ఎన్నడుగులేస్తాండారప్పా?"

బయటి ఊళ్ల వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే ఖాళీ అయిపోయి వస్తాయి. ఈశాన్యం వానలు తూర్పు తీరంలోనే ఎక్కువగా కురిసి, ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి. తమాషా ఏంటంటే మా ఊరి పేరే ఒక చెరువు పేరు. విజయనగర కాలంలో తవ్వించిన అనంతసాగరం నుంచి అనంతపురం వచ్చిందంటారు. చెరువు పేరు పెట్టుకుని బోర్ల మీద బతుకుతున్నాం.

ఫిబ్రవరిలో బోరు లారీ వచ్చింది. తమిళనాడు నంబరు ప్లేటు. దక్షిణాదిలో ఎక్కడ బోరు లారీ కనిపించినా తిరుచెంగోడుదేనా అని అడగొచ్చు, ఆ ఊరు అంత ఫేమస్. అంతకుముందు రోజే ఓనరు ఇద్దర్ని పిలిపించాడు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా నడిచాడు, అది నిక్కి నిలబడిన చోట రాయి పెట్టాడు. ఇంకొకాయన భూమిలో ఇనప కడ్డీలు దిగ్గొట్టి, వైర్లు తగిలించి, మిషన్‌లో రీడింగులు చూశాడు. ఇద్దరూ చూపించిన చోట్లకు పదిహేనడుగుల తేడా. ఓనరు మిషనాయన మాటే విన్నాడు కానీ, టెంకాయ పెట్టిన చోట కూడా కొబ్బరి కొట్టించాడు.

డ్రిల్లింగ్ మొదలయ్యేసరికి మా వీధంతా అక్కడే. కాలేజీ పిల్లోళ్లు, టీచర్లు, రిటైరైన కండక్టరు, చంకలో బిడ్డలతో ఆడవాళ్లు. ఉగ్గాని అమ్మే అక్క బండిని అక్కడికే తోసుకొచ్చింది. బూడిద రంగు దుమ్ము లేచి ఆరేసిన బట్టల మీద పడినా ఎవరూ తిట్టలేదు. మూడొందలు దాటినాక తడి తగిలింది, మళ్లీ పోయింది. ఐదొందలు. ఆరొందలు. అడుగులు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది, కాబట్టి ఓనరు ముఖం చూస్తేనే ఎన్నో అడుగులో చెప్పొచ్చు.

పక్కనే సైటు వాచ్‌మన్ తాత చేతిలోకి కాస్త పొడి తీసుకుని నలిపి చూస్తున్నాడు. కళ్యాణదుర్గం పక్క పల్లె ఆయనది. ఐదెకరాల చేను, ఎప్పుడూ చెనిక్కాయే. నాలుగు బోర్లు వేయించాడు. మూడు కొన్నేళ్లు పోసి ఎండిపోయాయి, నాలుగోదాంట్లో దుమ్ము తప్ప ఏం రాలేదు. అప్పు మిగిలింది. కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు, ఈయనా అవ్వా ఇక్కడ రేకుల షెడ్డులో కాపలా. "తెల్లరాయి పొడి వస్తే ఆశ పెట్టుకోవచ్చు. నల్లరాయి తగిలిందంటే దుడ్లు పోయినట్లే" అన్నాడు నాతో. ఐదొందల ఎనభై దగ్గర ఆయన చేతిలో తెల్లపొడి చూశాను. కాని ఆయన నవ్వలేదు.

ఏడొందల ఇరవై అడుగుల దగ్గర నీళ్లు పైకి తన్నాయి. రెండించులు! అందరం చప్పట్లు కొట్టాం. ఓనరు పసుపు, కుంకుమ, పూలు వేసి ఆ బురదనీళ్లకే దండం పెట్టాడు. నేనూ వీడియో తీసి స్టేటస్ పెట్టాను. తాత ఒక్కడే దోసిట్లో పట్టుకుని ముఖం కడుక్కుని, మాట్లాడకుండా షెడ్డులోకి పోయాడు.

ఆ తర్వాత మూడు నెలలు మామూలు సినిమా. పునాదులు, పిల్లర్లు, స్లాబు. స్లాబు రోజు కాంక్రీటు మిషన్ పొద్దున ఐదింటికే మొదలైతే మా ఇంట్లో ఎవరికీ అలారం అవసరం లేకపోయింది. పొద్దున ఏడుకల్లా మేస్త్రీలంతా ఉగ్గాని అక్క బండి దగ్గర చేరేవాళ్లు. నానబెట్టిన బొరుగుల తిరగమాత, పైన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. "రోజూ ముప్పై ప్లేట్లు వీళ్లే తింటాండారు. కట్టేది అయిపోతే వీళ్లు పోతారు, ఆ హోటలుంటాది. దాంట్లో కూడా ఉగ్గాని పెడతాడంటనే?" అని ఓ రోజు అడిగింది. పెడతాడని నాకు తెలుసు, మెనూ కార్డు డిజైన్ చేసేవాడు నా క్లాస్‌మేటే. తెలీదక్కా అన్నాను.

మే రెండో వారంలో మా మోటరు గాలి కొట్టింది.

మాది 2009లో వేసిన బోరు, మూడొందల ఎనభై అడుగులు. వెయ్యి లీటర్ల ట్యాంకు నలభై నిమిషాల్లో నిండేది. ఎదుటి బోరుకు పెద్ద మోటరు దింపి, కాంక్రీటు తడపడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడపడం మొదలుపెట్టినాక యాభై, అరవై, చివరికి గంటా ఇరవై ఐదు నిమిషాలు. మధ్యమధ్యలో పైపు దగ్గే చప్పుడు. నేనేం చేస్తాను, ఇంజినీర్ని కదా, షీట్ తెరిచాను. తేదీ, ట్యాంకు నిండిన టైము, ఎదుటి మోటరు ఆన్ ఉందా లేదా. మూడు వారాలకు గ్రాఫ్ గీస్తే అద్భుతంగా వచ్చింది.

నిజాయితీగా చెప్పాలంటే ఆ గ్రాఫ్ ఏదీ రుజువు చేయదు. మే నెలలో ఏ బోరైనా తగ్గుతుంది, పోయిన ఏడాది మే డేటా నా దగ్గర లేదు. కోడ్ రివ్యూలో ఎవరైనా ఇలాంటిది పెడితే నేనే రిజెక్ట్ చేసేవాణ్ని. పైగా మా కింద ఉన్నది గట్టి రాతి నేల. నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. ఆ పగులు మా బోరుకీ వాళ్ల బోరుకీ కలిసుంటే వాళ్లు తోడిన నీళ్లు మావే. కలవకపోతే పక్కపక్కనున్న రెండు బోర్లకు కూడా సంబంధం ఉండదు. పైనుంచి చూసి చెప్పగలిగేవాడు లేడు.

కాని ఇంకో లెక్క ఉంది, అది మాత్రం గట్టిది. ఇళ్లకూ హోటళ్లకూ ఎన్ని నీళ్లు కావాలో చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 1172. దాని ప్రకారం రెస్టారెంటుకు రోజుకు సీటుకు 70 లీటర్లు, ఇంట్లో మనిషికి 135. మా ఎదుటిది 120 సీట్లు. అంటే రోజుకు 8,400 లీటర్లు. నలుగురున్న ఇల్లు 540. అంటే మా వీధి చివర ఒకేసారి పదిహేనిళ్లు లేచాయన్నమాట. ఉన్నవేమో ఇరవై రెండు. అయినా మనిషికి 135 లీటర్లు మా దగ్గర ఎవరు వాడతారు? మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కూడా కరివేపాకు చెట్టుకు పోస్తుంది.

గ్రూపులో గొడవ మొదలైంది. లెక్కల మాస్టారు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామన్నాడు. పక్కన రెండు ప్లాట్లున్నాయన, హోటలొస్తే సెంటు రేటు పెరుగుతుంది, ఎందుకు చెడగొడతారన్నాడు. బ్యాచిలర్లు మండి గురించి మాట్లాడుతున్నారు. చివరికి జూన్‌లో ఓ ఆదివారం ఏడుగురం కలిసి సైటుకే వెళ్లాం. నా చేతిలో గ్రాఫ్ ప్రింటవుట్.

ఓనరు ధర్మవరం వైపాయన. పదేళ్లు బెంగళూరులో హోటల్ లైన్‌లో చేసి, లోన్ తీసుకుని సొంతూరి దగ్గర పెడుతున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. బోరు పర్మిషన్ కాగితం చూపించాడు. 2002 వాల్టా చట్టం ప్రకారం తాగునీటి పబ్లిక్ బోరుకు 250 మీటర్లలోపు పర్మిషన్ లేకుండా వేయకూడదు. మాస్టారు ఫోన్‌లో మ్యాప్ తెరిచి పంచాయతీ బోరు దాకా కొలిచాడు. మూడొందల పది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు మా అమ్మ మాట్లాడింది. "మేము హోటలు వద్దనలేదు నాయనా. నీ హోటలూ నడవల్ల, మా కొళాయీ నడవల్ల. మేం నీళ్లు కొనుక్కుని తాగే రోజొస్తే నీ దగ్గరికి బిర్యానీ తినేకి ఎట్లొస్తాం?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, స్లాబు మీద పడే వాననీళ్లన్నీ పైపుతో ఇంకుడు గుంతలోకి దింపిస్తానన్నాడు. గిన్నెలు కడిగేదానికి వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తానన్నాడు. రెండోది ఎంతవరకు జరుగుతుందో వచ్చే వేసవిలో చూడాలి. మేం లేస్తుంటే ఆయనే అడిగాడు: "అన్నా, ఏమనుకోవద్దండి. మీ ఇరవై రెండిళ్లల్లో ఎన్నిటికి ఇంకుడు గుంతలుండాయి?"

రెండింటికి. మాది ఆ రెండిట్లో లేదు.

దారి పొడవునా ఎవరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి మళ్లీ షీట్ తెరిచాను. హోటలు స్లాబు మూడు వేల చదరపు అడుగులు. మా వాన లెక్కన, ఆవిరైపోయేదీ కారిపోయేదీ తీసేస్తే, ఏడాదికి లక్షా ఇరవై వేల లీటర్లు దిగొచ్చు. ఆయన హోటలుకు పదిహేను రోజులు కూడా చాలవు. అదే మా ఇరవై రెండు మేడలు, సగటున వెయ్యి చదరపు అడుగులు వేసుకున్నా, తొమ్మిది లక్షల లీటర్లు. ఇదంతా మా బోర్లలోకే వస్తుందని కాదు, పగుళ్ల సంగతి ఇందాకే చెప్పాను. కాని పదిహేనేళ్లుగా ఆ నీళ్లు మా గేటు ముందు నుంచే మోరీలోకి పోతుంటే నేను మేడ మీద నిలబడి రీల్స్ తీశాను.

జులైలో హోటలు గుంత, మా గుంత ఒకే వారంలో తవ్వారు. ఒకే మేస్త్రీ. కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. మా వీధిలో ఇప్పటికి ఏడు పూర్తయ్యాయి, మాస్టారుది ఎనిమిదోది, ఇసుక రేటు మీద బేరం దగ్గర ఆగింది. వాన మాత్రం రాలేదు. రోజూ సాయంత్రం మబ్బు పట్టేది, గాలొచ్చి తీసుకుపోయేది. టైల్స్ వేశారు, రంగులేశారు, నియాన్ బోర్డు బిగించారు. పిల్లలు బోర్డు ముందు సెల్ఫీలు. మేము పెద్దోళ్లం మాత్రం అటు నడిచినప్పుడల్లా బోర్డు వదిలేసి ఆ ఎండిన గుంతలోకి తొంగి చూసొస్తున్నాం.

పోయిన గురువారం రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. నిమిషానికి వాన. చినుకులు కాదు, నిజమైన వాన. ప్రొడక్షన్ ఇష్యూ మీద కాల్‌లో ఉన్నాను, నెట్ కట్. ఫోన్ టార్చ్ వేసుకుని మేడ అంచుకొచ్చాను. చూస్తే పక్క మేడ మీద కండక్టరాయన, అవతల మాస్టారు, మా వెనక అమ్మ కొంగు తల మీద వేసుకుని. అన్ని టార్చిలూ ఒకే వైపు. కింద హోటలు గుంత పక్కన తాత, యూరియా సంచి తలకి కప్పుకుని, వంగి చూస్తున్నాడు.

"ఏమప్పా, నిండిందా?" అని మాస్టారు అరిచాడు.

"నిండల్యా సారూ," తాత పైకి చూసి గట్టిగా చెప్పాడు. "లోపలికి పోతాండాయి. పడినవి పడినట్లే పోతాండాయి."