మత్తు వైద్యంలో పైచదువు: చోటును ఎంచుకొనుట ఎట్లు?

శస్త్రచికిత్స జరిగి ఇల్లు చేరిన రోగి, కత్తి పట్టిన వైద్యుని పేరు జీవితాంతం చెప్పుకొంటాడు. తనను నిద్రపుచ్చి, ఆ నిద్రలో ఊపిరి ఆగకుండా కాపాడి, తిరిగి మేల్కొలిపిన వైద్యుని పేరు అతడు అడగనైనా అడగడు. ఆ రెండవ వైద్యుని గూర్చియే, ఆ విద్య నేర్వదలచిన వారు చోటును ఎంచుకోవలసిన పద్ధతిని గూర్చియే ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. అందులో తొలి ఏడు చేరినవారు నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం హౌస్ సర్జన్ పని ముగించి, 2029 ప్రాంతంలో పైచదువు ఎంపికకు వస్తారు. మన కళాశాలలో జీవశాస్త్రం చదివి వైద్యవిద్యకు వెళ్ళే పిల్లలకును ఆ ఘట్టం ఎదురగును.

1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలో మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరుతో రోగికి మత్తు ఇచ్చి చూపినాడు. మరుసటి సంవత్సరమే క్లోరోఫారం వాడుకలోకి వచ్చినది. అది కొందరి ప్రాణాలు తీయుటకు కారణమేమని తేల్చుటకు నిజాం ప్రభుత్వ ప్రోత్సాహంతో 1888, 1889 సంవత్సరాలలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన హైదరాబాదులో రెండు పరిశోధక సంఘాలు పనిచేసినవి. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరిన తొలి మహిళలలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరు పొందినారు. నాడిని కాదు, ఊపిరిని చూడుడని లారీ వాదించినాడు. చాలినంత లోతుగా లేని మత్తులో క్లోరోఫారం గుండెనే హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ నిరూపించినాడు. ఊపిరి, నాడి రెండింటిని కనిపెట్టవలెనన్న మాట. ఈ కనిపెట్టుట పుస్తకంతో అబ్బదు. పెద్దల కనుసన్నలలో రోగి తలాపున నిలిచి నేర్వవలసినదే.

ఇక దారుల సంగతి. ఎం.బి.బి.ఎస్. తరువాత నీట్ పి.జి. పరీక్ష వ్రాసి, మూడేండ్ల ఎం.డి.లో గాని డి.ఎన్.బి.లో గాని చేరవచ్చును. రెండేండ్ల డిప్లొమా కూడ కలదు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోవును. మన రాష్ట్ర సీట్ల కౌన్సెలింగును విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం జరుపును. ఎయిమ్స్ వంటి సంస్థలకు ఐ.ఎన్.ఐ. సెట్ అను వేరు పరీక్ష ఉన్నది.

ర్యాంకు వచ్చిన పిదప చాలమంది భవనాన్ని, పట్టణాన్ని, పేరును చూచి చేరుదురు. మా అభిప్రాయంలో ముందు అడగవలసిన ప్రశ్నలు వేరు.

మొదటిది: ఆ ఆసుపత్రిలో ఎన్ని రకాల కేసులు వచ్చును? వెన్నులో సూది ఇచ్చు పద్ధతి ఒక్కటే ఎక్కువగా జరుగు చోట, గొంతులో గొట్టం వేయుటలో చేయి తిరగదు. గుర్రపువాతం వచ్చిన గర్భిణికో, అధిక రక్తస్రావంతో వచ్చిన తల్లికో వెన్నుసూది కుదరనప్పుడు పూర్తి మత్తు తప్పదు. గర్భిణికి గొంతులో వాపు ఉండును. కడుపులోని ఆహారం ఊపిరితిత్తులలోకి పోవు భయమును ఉండును. ఆ పనిని మొదటిసారి ఒంటరిగా చేయవలసి రావడం ఎవరికీ మంచిది కాదు.

రెండవది: అర్ధరాత్రి విద్యార్థి పిలిచినచో పెద్ద డాక్టరు వచ్చునా? పగటి వేళ అందరును బోధింతురు. రాత్రి వచ్చువారున్న చోటే నిజమైన శిక్షణ.

మూడవది: అత్యవసర చికిత్సా విభాగంలో ఎన్ని మాసాలు పనిచేయింతురు? 1952లో కోపెన్‌హేగన్ నగరంలో పోలియో ప్రబలినప్పుడు, ఇబ్సెన్ అను మత్తు వైద్యుని సలహాపై సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా చేతులతో సంచి నొక్కి రోగులకు ఊపిరి అందించినారు. నేటి ఐ.సి.యు.కు అదే పునాది. మన డెల్టాలో పురుగుమందు మింగినవారికి, కట్లపాము కరచినవారికి ఊపిరి కండరాలు చచ్చుబడును. రోజుల తరబడి వెంటిలేటరుపై ఉంచి కాపాడవలెను. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెచ్చుమీరినప్పుడు ఈ విద్య విలువ అందరికి తెలిసివచ్చినది.

నాలుగవది: స్టైపెండు సకాలంలో ఇత్తురా, వసతిగృహం ఆడపిల్లలకు భద్రమైనదా, బాండు షరతులేమి, సిద్ధాంత వ్యాసానికి మార్గదర్శి సమయమిచ్చునా? ఈ సంగతులు అచ్చువేసిన పుస్తకాలలో దొరకవు. అక్కడికి పోయి, ఆచార్యులు ప్రక్కన లేని సమయం చూచి, రెండవ సంవత్సరం చదువుతున్నవారిని అడగవలెను.

నేటి నిబంధన ప్రకారం పి.జి. విద్యార్థి మూడు మాసాలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయవలెను. దీనిని భారంగా తలచువారు కలరు. మేము అట్లు తలంపము. పెద్ద ఆసుపత్రిలో పక్క గదిలో మరొక మత్తు డాక్టరు ఉండును. చిన్న ఆసుపత్రిలో తానొక్కడే. గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా రాత్రి రెండు గంటలకు బిడ్డ అడ్డం తిరిగిన తల్లి వచ్చినప్పుడు, ప్రసూతి వైద్యురాలు సిద్ధంగా ఉన్నను, మత్తు ఇచ్చువారు లేనిచో ఆ తల్లిని మరొక ఊరికి పంపుట తప్పదు. ఆ ప్రయాణంలో గడచు ప్రతి నిమిషం ఆమెదియు, బిడ్డదియు.

కావున వైద్యవిద్యకు పోవు మన విద్యార్థులకు మా సలహా ఒక్కటే. ఎంపిక పత్రంలో కళాశాలల పేర్లు వరుసగా వ్రాయునప్పుడు, "ఇక్కడ మూడేండ్లు చదివినచో అట్టి రాత్రి నేను ఒక్కడినే, లేక ఒక్కతెనే, నిలువగలనా?" అని ప్రతి పేరు ఎదుట ప్రశ్నించుకొనుడు. ఔనని జవాబు వచ్చిన పేరును పైన వ్రాయుడు.