భావి వైద్యులకు వృద్ధుల వైద్యం, ఉపశమన చికిత్సలలో శిక్షణ

వైద్య రంగం సాధించిన ప్రగతి ఫలితంగా ప్రజల ఆయుర్దాయం గణనీయంగా పెరిగింది. దేశ జనాభాలో అరవై సంవత్సరాలు పైబడిన వారు 1961లో 5.6 శాతం కాగా, 2011 జనాభా లెక్కల నాటికి 8.6 శాతానికి చేరుకున్నారు. సంఖ్యాపరంగా వీరు 10.38 కోట్ల మంది. ఆయువు పెరగడంతో పాటు కేన్సర్, పక్షవాతం, మతిమరుపు, మూత్రపిండాల వైఫల్యం వంటి దీర్ఘవ్యాధులతో ఏళ్ళ తరబడి జీవించే వారి సంఖ్య కూడా పెరుగుతున్నది. వ్యాధి ముదిరిన రోగి బంధువులకు "ఇక చేయవలసింది ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అనే మాట వినవలసి రావడం నేటికీ సాధారణం. వ్యాధి నయం కాని దశలో కూడా వైద్యుడు చేయవలసింది ఎంతో ఉన్నదని విద్యార్థి దశలోనే నేర్పడం ఈ శిక్షణ ముఖ్యోద్దేశం.

వృద్ధుల వ్యాధుల తీరు వేరు

వృద్ధులలో వ్యాధి లక్షణాలు పాఠ్యపుస్తకాలలో వర్ణించిన విధంగా కనిపించకపోవచ్చు. న్యుమోనియా సోకినా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి లేకపోవచ్చు. అకస్మాత్తుగా తికమక పడడం, తూలి పడిపోవడం, భోజనం మానివేయడం మాత్రమే పైకి కనిపించే సూచనలు కావచ్చు. వీటిని "వయసు ప్రభావం" అని తోసిపుచ్చితే చికిత్స ఆలస్యమవుతుంది. వయసుతో మూత్రపిండాల శక్తి తగ్గుతుంది గనుక మందుల మోతాదును కూడా తదనుగుణంగా నిర్ణయించవలసి ఉంటుంది. నలుగురు వైద్యులు వేరువేరుగా రాసిన మందులన్నీ ఒకేసారి వాడుతున్న వృద్ధుని మందుల సంచి తెప్పించి పరిశీలించడం, కుర్చీలో నుంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగి వచ్చి కూర్చోమని చెప్పి గమనించడం వంటి పరీక్షలకు ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. అభ్యాసం మాత్రమే అవసరం.

నొప్పి నివారణ: చట్టం, ఆచరణ

ముదిరిన కేన్సర్‌లో తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ప్రధాన ఔషధం. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మూడు మెట్ల విధానంలో తీవ్ర నొప్పికి సూచించినది కూడా ఈ కోవకు చెందిన మందులే. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన ఆసుపత్రులు పలు లైసెన్సులు పొందవలసి రావడంతో దేశంలో వైద్య అవసరాలకు మార్ఫిన్ వినియోగం బాగా పడిపోయింది. 2014లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ వంటి అత్యవసర మందులను గుర్తింపు పొందిన వైద్య సంస్థలు సులభంగా పొందే వీలు కల్పించింది.

చట్టం మారినంత మాత్రాన రోగికి ఉపశమనం లభించదు. మార్ఫిన్ రాయడం నేర్వని వైద్యుడు, మందు అందుబాటులో ఉన్నప్పటికీ రాయడానికి వెనుకాడుతాడు. తక్కువ మోతాదుతో ఆరంభించి, నొప్పి తిరగబెట్టే వరకు వేచి ఉండక సాధారణంగా నాలుగు గంటలకొకసారి ఇవ్వడం, మలబద్ధకం కలగకుండా తోడుగా విరేచనకారి మందు ఇవ్వడం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి విషయంలో మోతాదు తగ్గించడం అనే నియమాలను రోగి పడక వద్దనే నేర్పవలసి ఉన్నది.

పాఠ్య ప్రణాళికలో చోటు

మద్రాసు మెడికల్ కళాశాలలో వృద్ధుల వైద్యంలో ఎం.డి. కోర్సు 1996లో ప్రారంభమైంది. ఉపశమన వైద్యంలో ఎం.డి. కోర్సుకు భారత వైద్య మండలి 2010లో గుర్తింపు ఇచ్చింది. అయినప్పటికీ ఈ నిపుణుల సంఖ్య పరిమితం. పల్లెలోని రోగి మొదట కలుసుకునేది ఎం.బి.బి.ఎస్. వైద్యుడినే. పైగా 2018లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ కార్యక్రమం వృద్ధుల సంరక్షణను, ఉపశమన సేవలను ప్రాథమిక ఆరోగ్య సేవలలో చేర్చింది.

2019లో చేరిన విద్యార్థుల నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ఎం.బి.బి.ఎస్. పాఠ్య ప్రణాళికలో వృద్ధుల వైద్యం, నొప్పి నివారణ అంశాలకు చోటు లభించింది. వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యం కూడా బోధనాంశాలయ్యాయి. రోగికి చేదు వార్తను ఏ విధంగా తెలియజేయాలి, ఎంత తెలుసుకోదలచినదీ ముందుగా ఏ విధంగా అడగాలి, కన్నీరు పెట్టుకున్నప్పుడు ఏ విధంగా ఓపికతో వినాలి అన్నవి ఇందులో భాగం. అంతిమ దశలో చికిత్స గురించి వ్యక్తి ముందుగానే లిఖితపూర్వకంగా తెలియజేసే హక్కును 2018 మార్చిలో సుప్రీంకోర్టు గుర్తించి, 2023లో ఆ ప్రక్రియను సరళతరం చేసిన తరువాత ఈ నైపుణ్యం మరింత ఆవశ్యకమైంది.

రోగి ఇంటి వద్ద పాఠం

కేరళలోని కోజికోడ్ మెడికల్ కళాశాల ఆవరణలో 1993లో ఆరంభమైన ఉపశమన సేవలు క్రమంగా స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా రోగుల ఇళ్ళకు చేరాయి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇందుకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో కూడా ఉపశమన సేవల విభాగం పనిచేస్తున్నది. ఇటువంటి విభాగాలలోను, ఇంటి వద్ద సేవలందించే బృందాలతోను విద్యార్థులు కొన్ని రోజులు గడిపినట్లయితే, తరగతి గదిలో తెలియని విషయాలు తెలిసివస్తాయి. రోగికి పుండు కడిగేది ఎవరు, రాత్రివేళ మందు ఇచ్చేది ఎవరు, కూలి మానుకుని కూర్చున్న కోడలికి తోడు ఎవరు అనే ప్రశ్నలు కూడా వైద్యంలో భాగమేనని వారు గ్రహిస్తారు.

వైద్య కళాశాలలలో ఈ శిక్షణ ఏ మేరకు అమలవుతున్నదీ తెలుసుకోదలచిన వారు మూడు అంశాలను పరిశీలించవచ్చు. విద్యార్థులు రోగుల ఇళ్ళకు వెళుతున్నారా? కళాశాల ఆసుపత్రిలో మార్ఫిన్ బిళ్ళలు నిల్వ ఉన్నాయా? పరీక్షలలో ఈ అంశాలపై ఆచరణాత్మక ప్రశ్నలు ఉంటున్నాయా? ఈ మూడింటికీ అవునన్న సమాధానం లభించిన నాడు "చేయవలసింది ఏమీ లేదు" అనే మాట స్థానంలో, నొప్పి తగ్గించి చివరి వరకు తోడుంటామనే భరోసా ప్రతి రోగికీ లభించగలదు.