ఆంధ్రా–హైదరాబాద్ రంజీ పోరు: అపోహలు, వాస్తవాలు

పత్తి తీతలు ఊపందుకునే వేళకు రంజీ ట్రోఫీ మొదలవుతుంది. మిర్చి కళ్లాల్లో ఆరబోసే రోజులకు ముగింపుకొస్తుంది. ఆ నెలల్లో గుంటూరులోనో ఒంగోలులోనో క్రికెట్ బాగా తెలిసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినపడుతుంది: దక్షిణాది జట్లు ముందు తమలో తాము ఆడే సౌత్ జోన్ ఉన్నన్నాళ్లూ హైదరాబాద్‌తో మ్యాచంటే మ్యాచే, గ్రూపులు వచ్చాక ఆ పోరే లేకుండా పోయిందని. ఆ బాధలో నిజముంది. అయితే ఏం పోయింది, ఎందుకు పోయింది అన్న దగ్గర చాలామంది లెక్క తప్పుతోంది. పోయిందేమిటో సరిగ్గా తెలిస్తేనే తిరిగి అడగగలం.

అపోహ: రెండు తెలుగు జట్లు రాష్ట్ర విభజనతో వచ్చాయి.

వాస్తవం: ఈ కాలపు పిల్లల్లో ఎక్కువగా ఉన్న పొరపాటిది. 2014 జూన్ 2న విడిపోయింది రాష్ట్రం, క్రికెట్ జట్టు కాదు. హైదరాబాద్ 1930లలోనే రంజీ ఆడింది, 1937–38లో ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953లో ఏర్పడింది. అదే ఏడాది ఆంధ్ర రాష్ట్రం కూడా పుట్టింది. 1953–54లో ఆంధ్రా తొలిసారి రంజీ బరిలో దిగినప్పుడు సి.కె. నాయుడు అంతటివాడు ఆ జట్టుకు ఆడాడు. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమైనా జట్లు మాత్రం కలవలేదు. మహారాష్ట్రలో ముంబై, విదర్భ, మహారాష్ట్ర వేర్వేరుగా ఆడుతున్నట్టే ఇక్కడా రెండు సంఘాలు కొనసాగాయి. అంటే ఒకే రాష్ట్రంగా ఉన్న 57 ఏళ్లూ ఈ రెండూ వేర్వేరు జట్లుగానే ఆడాయి.

అపోహ: 2002లో జోన్లు ఎత్తేయడంతో ఈ పోరు ఆగిపోయింది.

వాస్తవం: ఆగలేదు. రంజీ 2002–03 నుంచి జోన్లు వదిలి, బలాన్నిబట్టి ఎలైట్, ప్లేట్ అనే రెండు అంచెల పద్ధతికి మారింది. కొత్త పద్ధతి వచ్చిన మొదటి సీజన్‌లోనే, 2002 నవంబరులో, ఆంధ్రా, హైదరాబాద్ సికింద్రాబాద్‌లో తలపడ్డాయి. గుంటూరులో పుట్టిన 17 ఏళ్ల అంబటి రాయుడు ఆ మ్యాచ్‌లో హైదరాబాద్ తరఫున తొలి ఇన్నింగ్స్‌లో 210, రెండో ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్ కొట్టాడు. కొట్టింది ఆంధ్రా బౌలింగ్‌నే! సరిగ్గా 22 ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఉప్పల్‌లో ఇంకో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ ఆంధ్రా తరఫున హైదరాబాద్ మీద 203 చేశాడు. మ్యాచ్ డ్రా అయినా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఆంధ్రాకే దక్కింది. సౌత్ జోన్ కాలంలో ఏ మ్యాచ్‌కూ తీసిపోని కథలివి. రెండూ జోన్లు పోయాకే జరిగాయి.

పైగా జోన్లు ఒక్క దెబ్బతో పోలేదు. రంజీ వదిలేసిన తర్వాత కూడా పదేళ్లకు పైగా విజయ్ హజారే వన్డే ట్రోఫీ జోన్లవారీగానే సాగింది. దులీప్ ట్రోఫీ 2024లో ఎ, బి, సి, డి జట్లకు మారి, 2025లో మళ్లీ జోన్లకే వచ్చింది. అక్కడ ఆంధ్రా, హైదరాబాద్ ఆటగాళ్లు సౌత్ జోన్ తరఫున ఒకే జట్టులోకి వస్తారు.

పోయింది మ్యాచ్ కాదు, ఏటా మ్యాచ్ ఉంటుందన్న నమ్మకం. ఇటీవలి సీజన్లు చూడండి. 2021–22లో రెండు జట్లూ వేర్వేరు గ్రూపుల్లో పడ్డాయి, మ్యాచ్ లేదు. 2022–23లో ఒకే గ్రూపు కాబట్టి ఆడాయి. ఆ ఏడు హైదరాబాద్ అడుగున నిలిచి ప్లేట్‌కు దిగిపోవడంతో 2023–24లో మళ్లీ లేదు. 2024–25లో హైదరాబాద్ పైకి రాగానే ఆడాయి. 2025–26లో ఆంధ్రా ఎ గ్రూపులో, హైదరాబాద్ డి గ్రూపులో ఉండటంతో మళ్లీ లేదు. ఏ ఏడాదైనా ఈ మ్యాచ్ ఉంటుందో లేదో గ్రూపులు ప్రకటించేదాకా ఎవరికీ తెలియదు. ముందుగా సెలవు పెట్టుకుని, స్నేహితులను పోగేసుకుని వెళ్లే అలవాటు ఇలాంటి చోట నిలవదు. పాతవాళ్ల బాధకు అసలు మూలం ఇదే.

అపోహ: ఇది మనవాళ్లకూ వాళ్లకూ మధ్య పోరు.

వాస్తవం: పుట్టిన ఊరును బట్టి ఈ జట్లను విడదీయలేం. రాయుడు 2005–06లో ఆంధ్రాకు ఆడాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి హైదరాబాద్‌కు ఆడి, 2016లో ఆంధ్రాకు వచ్చాడు. నిన్న ప్రత్యర్థి బౌలర్లను ఉతికినవాడే నేడు మన డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటాడు. రాజకీయాల పగను ఈ మ్యాచ్‌కు అంటగట్టేవాళ్లు ఆటకు మేలు చేయడం లేదు.

అపోహ: జోన్ల కాలమే ఆంధ్రా క్రికెట్‌కు మంచికాలం.

వాస్తవం: ఇక్కడ నా అభిప్రాయం గట్టిదే. ఆ రోజులంటే ఎంత ప్రేమ ఉన్నా, ఆంధ్రా కుర్రాళ్లకు ఆ పద్ధతి అన్యాయం చేసింది. 1985–86లో గోవా చేరాక సౌత్ జోన్‌లో ఆరు జట్లయ్యాయి, అంటే ఏడాదికి అయిదు లీగ్ మ్యాచ్‌లు. తమిళనాడు, కర్ణాటక, హైదరాబాద్ లాంటి కొమ్ములు తిరిగిన జట్ల మధ్య నుంచి నాకౌట్‌కు వెళ్లేది రెండో మూడో. ఆంధ్రాకు చాలా ఏళ్లు ఆ అయిదుతోనే సీజన్ అయిపోయేది. ముంబై, ఢిల్లీ బౌలింగ్‌ను ఎదుర్కోకుండానే మంచి బ్యాట్స్‌మెన్ కెరీర్లు ముగిశాయి. ఇప్పుడు ఎలైట్‌లో ఎనిమిది జట్ల గ్రూపు, ఏడు లీగ్ మ్యాచ్‌లు, దేశమంతా ప్రత్యర్థులు. ఆంధ్రా 2022–23, 2023–24 సీజన్లలో వరసగా క్వార్టర్ ఫైనల్ చేరింది. రెండోసారి మధ్యప్రదేశ్ చేతిలో నాలుగంటే నాలుగే పరుగుల తేడాతో ఓడింది. ఆ జోన్లే తిరిగి రావాలని నేను అడగను.

అపోహ: గ్రూపులు మార్చడం వల్లే జనం రావడం మానేశారు.

వాస్తవం: టీవీ, 2008లో వచ్చిన ఐపీఎల్ అంతకంటే పెద్ద కారణాలు. పైగా 2016–17లో రంజీ మొత్తం తటస్థ వేదికల మీద ఆడించారు. ఆ ఏడాది ఏ జట్టుకూ సొంత మైదానం లేదు. గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఒంగోలు శర్మ కాలేజీ మైదానం లాంటివి రంజీ చూసినవే. మ్యాచ్ ఊళ్లోకి రాకపోతే ఊరు మ్యాచ్‌కు ఎలా వెళుతుంది?

అపోహ: వేర్వేరు గ్రూపుల్లో పడ్డాక పాత ప్రత్యర్థులను కలిపే దారి లేదు.

వాస్తవం: మన పిల్లలు వేలల్లో చదువుతున్న అమెరికా కాలేజీలను చూస్తే దారి కనిపిస్తుంది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్లు టీవీ డబ్బు కోసం కూటములు మారుతుంటాయి. టెక్సాస్ ఏ అండ్ ఎం 2012లో కూటమి మారడంతో టెక్సాస్ జట్టుతో 1894లో మొదలైన పోరు 2011 మ్యాచ్‌తో నిలిచిపోయింది. టెక్సాస్ కూడా అదే కూటమిలో చేరాక 2024 నవంబరు 30న మళ్లీ మొదలైంది. ఓక్లహామా రాష్ట్రంలోని రెండు జట్ల మధ్య వందేళ్లకు పైగా ఏటా సాగిన మ్యాచ్ మాత్రం, అదే మార్పులో వాటిలో ఒకటి కూటమి మారడంతో, 2023తో ఆగింది. ఒక మార్పే ఒక పోరును కలిపింది, ఇంకోదాన్ని విడదీసింది.

మనకు పనికొచ్చేది మూడో ఉదాహరణ. జార్జియా టెక్ 1964లోనే జార్జియా ఉన్న కూటమిని వదిలేసింది. అయినా సీజన్ చివర ఆ రెండూ ఏటా ఆడుతూనే వచ్చాయి, ఒక్క 2020లో కోవిడ్ అడ్డుపడింది. రెండు పక్షాలూ ఆ మ్యాచ్‌ను లీగు పట్టికకు వదిలేయకుండా తామే కాపాడుకున్నాయి.

ఆంధ్ర, హైదరాబాద్ క్రికెట్ సంఘాలు కూడా ఈ పని చేయవచ్చు. బీసీసీఐ గ్రూపులను ఎలా వేసుకున్నా, రంజీకి ముందు సన్నాహకంగా ఏటా ఒకే వారంలో నాలుగు రోజుల మ్యాచ్ ఒకటి పెట్టుకోవాలి. ఒక ఏడు ఉప్పల్‌లో ఆడితే, మరుసటి ఏడు మంగళగిరిలోనో ఒంగోలులోనో ఆడాలి. స్కూలు పిల్లలకు ప్రవేశం ఉచితంగా ఉండాలి, తేదీ ఆరు నెలల ముందే ప్రకటించాలి.