రక్తం పట్టడానికి ఆపిలే కావాలా?

దసరా వచ్చేసరికి కాశ్మీరు, హిమాచల్ ఆపిల్ పళ్ళు బెజవాడ తోపుడు బండ్ల మీద ఎర్రగా నిగనిగలాడుతుంటాయి. ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గినా, బాలింత నీరసంగా ఉన్నా ముందు వాటినే కొంటాం. కోసిన ముక్క కాసేపటికి గోధుమరంగుకు తిరుగుతుంది కనుక అందులో ఇనుము ఉందనీ, రక్తం పడుతుందనీ చాలామంది నమ్మకం.

అది నిజం కాదు. గాలి తగిలి పండులోని కొన్ని పదార్థాలు మారడంవల్ల ఆ రంగు వస్తుంది. ఆపిల్‌లో ఇనుము అత్యల్పం. 100 గ్రాముల ఆపిల్‌లో 'సి' విటమిన్ సుమారు 5 మిల్లీగ్రాములైతే, ఇదే రోజుల్లో దొరికే జామలో సుమారు 200 మిల్లీగ్రాములు.

మరి ఆపిల్ ఎవరికి మంచిది? దంతాలు ఊడిన వృద్ధులకు, ఆరు నెలలు నిండిన పసివాళ్ళకు చక్కని ఆహారం. తొక్క, గింజలు తీసి చిన్న ముక్కలు కోసి, రెండు మూడు చెంచాల నీళ్ళు పోసి, మూతపెట్టి సన్నని సెగమీద పది నిమిషాలు మగ్గనివ్వండి. మెత్తగా మెదిపి పెట్టండి. పంచదార అక్కరలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె కలపకూడదు.

రక్తం తక్కువగా ఉన్నవారు డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకండి. అన్నంలోకి తోటకూర పప్పు, వెంటనే నాలుగు దోరజామ ముక్కలు తినండి. జామలోని 'సి' విటమిన్ ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. వండితే ఆ విటమిన్ కొంత నశిస్తుంది గనుక జామను అలాగే తినాలి. భోజనం కాగానే కాఫీ, టీ తాగకుండా గంటసేపు ఆగండి.

ఆపిల్ కొనలేకపోయామని బాధపడకండి. ఆ డబ్బుతో ఆకుకూర, గుడ్డు, జామ కొంటే బాలింతకు మేలు ఎక్కువ.