బతుకమ్మ ఆటలో నీటి పాఠము

అయ్యలారా, ఆడుబిడ్డలు ఆడెడు బతుకమ్మను గూర్చి పెద్దలతో ప్రసంగించుట యేల యని మీకు తోపవచ్చును. చెరువు మీది పెత్తనము మీదే గనుక మీతోనే చెప్పవలసియున్నది.

భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు బోయినపల్లి ప్రాంతమున స్త్రీలు తంగేడు, గునుగు, గుమ్మడి పూలను తాంబాళమున వరుసలుగా పేర్చి, చుట్టును వలయముగా నిలిచి, వంగి లేచుచు చప్పట్లు చరచుచు ఆడుదురు. పిమ్మట ఆ పూలను చెరువున విడుతురు. పూలు నీటిని శుభ్రపరచునని పెక్కురు చెప్పగా వింటిని. ఆ మాటను నేను పూర్తిగా అంగీకరింపజాలను.

నీటిలో కరగియున్న ప్రాణవాయువును పీల్చియే చేపలు బ్రతుకును. పూలు క్రుళ్లునప్పుడు వానిని తినెడు సూక్ష్మజీవులును ఆ వాయువునే వాడుకొనును. రాత్రివేళ నీటిమొక్కలు ప్రాణవాయువును పుట్టింపవు గనుక తెల్లవారుజామున కొరత మిక్కుటమగును. అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట మీరు చూచియే యుందురు. మాన్వాడ యొద్ద మానేరుపై గల జలాశయమునకు నాలుగు తట్టల పూలు లెక్కలోనివి కావు. ఊరి కుంట సంగతి అట్లు కాదు. గునుగునకు అద్దెడు కృత్రిమపు రంగులు వేరొక బాధ.

దీనిని ఉపన్యాసముగా చెప్పినచో ఎందరు విందురు? ఆడి చూపినచో కన్నులకు కట్టును. పరిశోధకులు తమ సిద్ధాంత గ్రంథములను నృత్యముగా చూపు పోటీని 2008లో జాన్ బోహానన్ అను పాత్రికేయుడు ఆరంభించెను. 2014లో ఆ బహుమతిని గెలిచిన ఉమా నాగేంద్ర, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమున పరిశోధించినది. సుడిగాలి చెట్లను కూల్చిన పిమ్మట అడవి మొలకల గతి యెట్లుండునో ఆమె వ్రేలాడు కఱ్ఱపై నర్తించి చూపినది. మనకన్ననో వలయము ఎప్పుడో సిద్ధముగా నున్నది.

బడిపిల్లలచే ఇట్లు ఆడింపుడు. నడుమ కూర్చున్న నలుగురు చేపలు. చుట్టు తిరుగువారి చప్పట్లే ప్రాణవాయువు. పూలు పట్టినవారు ఒక్కొక్కరుగా లోనికి రాగా, వలయములో ఒక్కొక్కరు చప్పట్లు మానవలెను. చప్పుడు సన్నగిల్లిన కొలది చేపలు ముఖములెత్తి పైకి లేవవలెను. పూలను గట్టుమీదికి తీసికొనిపోగా చప్పట్లు మరల మొదలగును.

ఆటకు ముందే గట్టు క్రింద ఎరువుగుంత త్రవ్వింపుడు. పిడికెడు పూలు నీట విడిచి తక్కినవి అందు చేర్పవచ్చును. ఇంటి పెద్దముత్తైదువలు మొదట ఒప్పుకొనరు. మా తల్లియు ఒప్పుకొనలేదు. పసుపు గౌరమ్మను ముట్టబోమని చెప్పిన పిమ్మట మెత్తబడి, గుప్పెడు గునుగు మాత్రము తన చేతులతో నీట విడిచినది.